మొదటి ఏడాది ఎంబీబీఎస్: స్కిల్ ల్యాబా, వార్డా?

2019 నుంచి మొదటి ఏడాదిలోనే క్లినికల్ అనుభవం మొదలవుతోంది. చెయ్యి ఎక్కడ తిరగాలన్నదే తేల్చుకోవాలి: బొమ్మల మీద సాధన చేసే స్కిల్ ల్యాబ్‌లోనా, రోగులుండే వార్డులోనా.

ఖర్చు: ల్యాబ్‌లో రబ్బరు చేతి చర్మం, గొట్టాలు అరిగేకొద్దీ మార్చాలి. వార్డులో ఖర్చయ్యేది పక్కన నిలబడే సీనియర్ సమయం.

శ్రమ: ల్యాబ్‌లో ఒకే పని ఇరవైసార్లు చేయొచ్చు. వార్డులో ఒక్కసారి దొరికితే గొప్ప.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. రక్తం తీశాక టూర్నికే (చేతికి బిగించే పట్టీ) విప్పకుండా సూది లాగితే రబ్బరు చేతికి ఏమీ కాదు. మనిషికి చర్మం కింద రక్తం చేరి కమిలిపోతుంది. సూది మీకే గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో, పారే నీటితో కడిగి, డ్యూటీ డాక్టరుకు చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటలు దాటితే పనికిరావు. మొదటి రెండు గంటల్లో వేసుకుంటే మేలు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు ముందే పూర్తి కావాలి.

నప్పేది: సూది పని, కుట్లు, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) ఇంకా రానివాళ్లకు ల్యాబే. బీపీ, నాడి చూడటం, జబ్బు వివరాలు అడగటం మాత్రం వార్డులోనే అబ్బుతాయి. "అమ్మా, చెయ్యి ఒకసారి చూడొచ్చా?" అని అడిగి, ఆమె ఊఁ అనేదాకా ఆగడం ఏ బొమ్మా నేర్పదు.