బరంపురం ట్రేడ్‌మార్క్ కన్సల్టెన్సీ: దరఖాస్తు దాకా శ్రద్ధ, ఆ తరువాత మౌనం

మా ఇంట్లో అమ్మమ్మ కాలం నుంచి అప్పడాలు, ఆవకాయ చేసి బరంపురం దుకాణాలకు వేస్తున్నాము. ఆవిడ పేరే మా సరుకు పేరు. 2009 నుంచి పసుపుపచ్చ లేబుల్ మీద పైన ఒడియాలోనూ కింద తెలుగులోనూ అచ్చవుతోంది. నిరుడు ఇచ్ఛాపురంలో ఇంచుమించు అదే పేరుతో, అదే పసుపు రంగుతో వేరొకరి అప్పడాలు కనిపించేసరికి, ఇక లాభం లేదని మా ఊళ్లోని ఒక కన్సల్టెన్సీకి ట్రేడ్‌మార్క్ పని అప్పగించాను. ఆ సంస్థ పేరు రాయదలచుకోలేదు.

మొదటి రోజు వారి మీద మంచి గురి కుదిరింది. ట్రేడ్‌మార్క్ నమోదుకు సరుకులను విభజించే తరగతుల్లో ఆవకాయ 29వ దానిలోకి, అప్పడాలు 30వ దానిలోకి వస్తాయని, వ్యక్తులకూ చిన్న పరిశ్రమలకూ ఆన్‌లైన్ దరఖాస్తుకు తరగతికి 4,500 రూపాయల చొప్పున ప్రభుత్వ రుసుము ఉంటుందని, తమ ఫీజు అది కాక 7,000 అని కాగితం మీద విడివిడిగా వేసి చూపారు. ఒడియా, తెలుగు అక్షరాలున్న లేబుల్‌కు ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ జతచేయాలన్న నియమమూ వారే గుర్తుచేశారు. పేరు ముందు ‘బరంపురం’ చేర్చాలని నేను పట్టుబడితే, ఊరి పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని, ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 కింద అభ్యంతరం వస్తుందని, బరంపురం పట్టుచీరలకు ఉన్న భౌగోళిక గుర్తింపు (జీఐ) వేరే చట్టం కిందిదని ఓపికగా చెప్పి మాన్పించారు.

వాడకానికి రుజువుగా అఫిడవిట్‌తో పాటు పాత బిల్లులు అడిగారు. అమ్మ ట్రంకుపెట్టె అడుగున, నూనె మరకలతో, లేబుళ్లు అచ్చువేసిన ప్రెస్సువారి 2009 నాటి రసీదు దొరికింది. తరువాత మమ్మల్ని గట్టెక్కించింది ఆ కాగితమే.

లోపం వెతుకులాటలో ఉంది. అదే పేరు ఇంకెవరికైనా ఉందేమోనని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. ఉచ్చారణ పోలికను బట్టి వెతికే వీలూ అక్కడే ఉంది. వీరు మాత్రం మా పేరును అక్షరం పొల్లుపోకుండా కొట్టి చూసి, ఎవరూ లేరని తేల్చేశారు. ఒక్క దీర్ఘం తేడాతో 30వ తరగతిలో ముందే ఒక దరఖాస్తు ఉండడంతో, దరఖాస్తును పరిశీలించి రిజిస్ట్రీ ఇచ్చే పరీక్ష నివేదికలో సెక్షన్ 11 కింద అభ్యంతరం వచ్చింది. దానికి నెలలోగా జవాబివ్వకపోతే దరఖాస్తును వదులుకున్నట్టుగా పరిగణించవచ్చు. ఆ నెలలో పంతొమ్మిది రోజులు గడిచిపోయాక, దరఖాస్తు సంఖ్య కొట్టి నేనే స్థితి చూసుకుంటే తప్ప సంగతి తెలియలేదు. అడిగితే, ఈమెయిల్ స్పామ్‌లో పడిందన్నారు. జవాబుకు మరో 5,000 అవుతుందన్న ముక్క కూడా అప్పుడే బయటపెట్టారు. రాసి పంపిన ముసాయిదాలో మా అప్పడాల బదులు ఎవరిదో కొబ్బరినూనె ఉంది! రెండు రాత్రులు కూర్చుని దిద్దించి, ఆ రసీదు జతచేయించి, గడువుకు మూడు రోజుల ముందు ఒడిశా దరఖాస్తులు చూసే కోల్‌కతా కార్యాలయానికి పంపించాను. అభ్యంతరం తొలగింది.

ఇంతలో ఆవకాయ పాళ్లకు పేటెంట్ తీసుకుందామని వారే మరో ప్రతిపాదన తెచ్చారు. తరతరాల నుంచి వస్తున్న జ్ఞానానికి పేటెంట్ ఇవ్వకూడదని 1970 నాటి పేటెంట్ల చట్టం సెక్షన్ 3లోనే ఉంది. అది తెలియక అన్నారో, తెలిసే అన్నారో నాకు అర్థం కాలేదు.

దరఖాస్తు నింపడానికి ఐదుకు నాలుగు, ఆ తరువాతి పనికి ఒకటి ఇస్తాను. ప్రస్తుతం మా పేరు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వెలువడి, ఇతరులు అభ్యంతరం చెప్పుకునే నాలుగు నెలల గడువు నడుస్తోంది. నమోదు పూర్తయితే దరఖాస్తు తేదీ నుంచి పదేళ్ల హక్కు దక్కుతుంది; అంతవరకు లేబుల్ మీద ‘టీఎం’ (ట్రేడ్‌మార్క్) అని మాత్రమే వేయిస్తున్నాను. ఈలోగా ఇచ్ఛాపురం అప్పడాలవారు అభ్యంతరం దాఖలు చేస్తే, దానికి జవాబు మాత్రం వీరిచేత రాయించను.