మైపాడు ఒడ్డున థాగోమైజర్

రెండు రోజులుందామని నెల్లూరు వెళ్ళాం, నేనూ మా అక్క కొడుకూ. వాడికి తొమ్మిదేళ్ళు. స్టెగోసారస్ అనే డైనోసార్ రబ్బరు బొమ్మ చేతిలో లేనిదే గడప దాటడు. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది గానీ, వేణ్ణీళ్ళొస్తాయని చెప్పి రెండు పూటలా చన్నీళ్ళే ఇచ్చారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు కుళాయి తిప్పి చూశాకే డబ్బు కట్టండి.

దగ్గర్లోని మైపాడు సముద్రపు ఒడ్డుకు మాత్రం తెల్లారకముందే బయల్దేరండి. బస్సులున్నాయి. మేం ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ. పొద్దున్నే అయితే జనం ఉండరు, పడవలు ఒడ్డెక్కడం చూడొచ్చు. నీళ్ళలో లోపలికి దిగొద్దు, అల లాగేస్తుంది.

జాలర్లు వల విదిలిస్తుంటే టేకు చేప ఒకటి పడింది. పళ్ళెమంత ఒళ్ళు, కొరడాలాంటి తోక, దాని మీద రంపపు పళ్ళ ముల్లు. మావాడు చెయ్యి చాపాడు.

"అబ్బయా, ముట్టుకోబాకు!" అని అరిచింది వాళ్ళలో ఓ పెద్దామె. ముల్లు కోసి ఇసకలో లోతుగా పూడ్చేసింది.

వాడు బొమ్మ తోక చూపించాడు. "అవ్వా, దీనికీ ముళ్ళున్నాయి, నాలుగు. థాగోమైజర్ అంటారు."

"ఎవురు పెట్టారా పేరు?"

చెప్పాను. స్టెగోసారస్‌కు మార్ష్ అనే శాస్త్రవేత్త 1877లోనే పేరు పెట్టాడు. తోక ముళ్ళ గుత్తికి మాత్రం వందేళ్ళు దాటినా ప్రత్యేకంగా పేరు లేదు. 1982లో గ్యారీ లార్సన్ అనే అమెరికా కార్టూనిస్టు, గుహమనిషి పాఠం చెబుతున్నట్టు బొమ్మ గీశాడు. ఆ ముళ్ళు గుచ్చుకుని చచ్చిపోయిన థాగ్ సిమన్స్ అనే గుహమనిషి పేరు మీద థాగోమైజర్ అంటామని అందులో చెప్పించాడు. మనిషీ డైనోసారూ ఏనాడూ కలిసి బతకలేదు, అది వట్టి నవ్వులాట. 1993లో కెన్ కార్పెంటర్ అనే శాస్త్రవేత్త, ఓ అస్థిపంజరం గురించి తోటి పరిశోధకుల సభలో చెబుతూ ఆ మాటే వాడాడు. మ్యూజియాలూ అందుకున్నాయి. పిలవడానికి మాట లేని చోట దొరికింది గనకే అది నిలిచిందని నా నమ్మకం. ఆ ముళ్ళూ అలంకారానివి కావు. అల్లోసారస్ అనే వేటాడే డైనోసార్ తోక ఎముకలో ఓ ముల్లు దిగిన రంధ్రం దొరికింది. పరిశీలించిన ముళ్ళలో దాదాపు 10 శాతానికి మొనలు దెబ్బతిని ఉన్నాయి.

"మరి దీన్ని మీరేమంటారవ్వా?" అన్నాడు వాడు.

"టేకు ముల్లే గదా!" అంది. వాడు దాన్ని నోట్సులో రాసుకున్నాడు, థాగోమైజర్ పక్కనే.

ఆమె టేకు ముక్కలు కోసి చవగ్గా ఇచ్చింది. లాడ్జిలో వండుకునే వీల్లేక ఆటో అతనికి ఇచ్చేశాం. ఈసారి వెళితే వంటగది ఉన్న చోటే దిగుతాం.