ఒంటారియోలో ట్రాపింగ్ కోర్సు చేశా, నా రివ్యూ

కెనడాలోని థండర్ బేకి వచ్చి నాలుగేళ్ళు, శని ఆదివారాలు మా కుక్క రాకీని తీసుకుని అడవిలో తిరగడం అలవాటు. పోయిన చలికాలం అది ఒక చెక్క డబ్బాలో మూతి పెట్టబోయింది, పట్టీ పట్టుకుని లాగేశా కానీ అందులో ఉన్నది జంతువుల్ని పట్టే ట్రాపు అని కూడా నాకు అప్పుడు తెలీదు. ఆ భయంతోనే చేరా, లైసెన్స్ కోసం కాదు. ఇక్కడ ట్రాపింగ్, అంటే ట్రాపులు పెట్టి బొచ్చు జంతువుల్ని పట్టడానికి లైసెన్స్ కావాలంటే ముందు ఈ కోర్సు చేయాల్సిందే.

నేర్పినాయన ఏళ్ళ తరబడి సొంత ట్రాప్‌లైన్ (ట్రాపులు వరసగా పెట్టుకునే దారి) చూసుకుంటున్న పెద్దాయన, చెప్పే విధానం సూపర్. కోనిబేర్ అంటే స్ప్రింగులతో జంతువు మెడ మీదో ఒంటి మీదో టప్పున మూసుకునే ట్రాపు. సైజులకి నంబర్లు ఉంటాయి, 120 అంటే చిన్నది మార్టెన్‌కి (ముంగిసంత ఉండే బొచ్చు జంతువు), 220 రకూన్‌కి, 330 నీళ్ళలో తిరిగే బీవర్‌కి. ఫ్రాంక్ కోనిబేర్ కూడా కెనడా ట్రాపరే, కాలు ఇరుక్కుని గంటలు గంటలు విలవిల్లాడే జంతువుల్ని చూసి తట్టుకోలేక త్వరగా చంపేది తయారు చేశాడంట. 1997లో యూరప్‌తో ఒప్పందం కూడా అయింది, మార్టెన్ అయితే 120 సెకన్లలో స్పృహ పోవాలి, అలా పరీక్షలో నెగ్గిన ట్రాపులే వాడాలి. అది విన్నాక మా ఆదిలాబాద్ వైపు పందులకని పెట్టే తీగ ఉచ్చులు గుర్తొచ్చి మనసు అదోలా అయిపోయింది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి దొంగచాటుగా పెట్టి వదిలేస్తారు, పంది బదులు చిరుత పడ్డా పట్టించుకునేవాడు ఉండడు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం కుక్క 220లో పడితే ఎలా తీయాలి అన్నది. చేతులతో స్ప్రింగ్ నొక్కుదామంటే అంత బలం సరిపోదు. తాడు ఒక స్ప్రింగ్ చివర్లలో ఉండే రెండు రింగుల్లోంచి పోనిచ్చి మళ్ళీ మొదటి రింగులోంచి తీసి, ఒక కొన కాలికింద తొక్కిపెట్టి రెండో కొన గట్టిగా లాగితే స్ప్రింగ్ ముడుచుకుంటుంది, మళ్ళీ తెరుచుకోకుండా వెంటనే దాని కొక్కెం తగిలించి రెండో స్ప్రింగ్‌కి కూడా అంతే. చుట్టిన దుప్పటి పెట్టి ప్రాక్టీస్ చేయించారు, మొదటిసారి నాకు మూడు నిమిషాలు పట్టింది, నిజం కుక్క అయితే అప్పటికే ఊపిరి ఆగిపోయేది అన్నారు. ఇంటికొచ్చి నలభై సెకన్లకి తెచ్చుకునేదాకా చేస్తూనే ఉన్నా. మా ఆవిడక్కూడా నేర్పించా.

బీవర్ తోలు ఒలిచి చెక్క మీద గుండ్రంగా సాగదీసి మేకులు కొట్టడం కూడా చేయించారు. మాంసం తినేవాణ్ణే అయినా తోలు ఒలవడం అదే మొదలు, మొదట్లో చేతులు వణికాయి.

నచ్చనిది ఒకటే, ఫీల్డ్‌లో ఒక్కపూటే. గడ్డకట్టిన నీళ్ళ కింద బీవర్ ఈదే దారి కర్రతో వెతికి గుంజలకి 330 కట్టడం దూరం నుంచి చూడ్డమే అయింది, చేసే ఛాన్స్ ఇద్దరికే దొరికింది. కట్టిన ఫీజుకి ఇంకో రోజు పెట్టాలి. అయినా ఇక్కడ కుక్కని పెంచే మనవాళ్ళు ఎవరున్నా తప్పకుండా చేయండి. ఫీల్డ్‌కి మాత్రం రెండు జతల గ్లవ్స్ పట్టుకెళ్ళండి, ఒకటి తడిసిపోద్ది. 4/5.