టెసెక్ ఎన్‌ఎస్‌జీ 438 ఈఎస్‌డీ గన్: ఎవరికి పనికొస్తుంది?

ఎలక్ట్రానిక్ పరికరాలు స్టాటిక్ విద్యుత్ దెబ్బను (ఈఎస్‌డీ) తట్టుకుంటాయో లేదో చూడటానికి 30 కేవీ (కిలోవోల్టుల) దాకా ఇచ్చే ఈ గన్ మంచి పనిముట్టే. దెబ్బ తీరును నిర్ణయించే ఆర్‌సీ (రెసిస్టర్-కెపాసిటర్) నెట్‌వర్క్‌లు మార్చుకోవచ్చు కాబట్టి కారు భాగాల పరీక్షలకూ సరిపోతుంది. కేవలం ఐఈసీ 61000-4-2 అనే అంతర్జాతీయ ఈఎస్‌డీ ప్రమాణం ప్రకారం పరీక్షలు చేసేవాళ్లకు ఇంత అక్కర్లేదు. అందులో నాలుగో స్థాయికి కూడా కాంటాక్ట్‌కు (టిప్ తాకించి కొట్టే దెబ్బ) 8, ఎయిర్‌కు (గాలిలోంచి దూకే దెబ్బ) 15 కేవీ చాలు.

ఫలితం ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తోందా? గన్‌ను తప్పుపట్టే ముందు పరీక్ష చేసే బల్ల చూడండి. దాని మీది కప్లింగ్ ప్లేటు అనే లోహపు రేకును నేల ప్లేటుకు కలిపే వైరుకు రెండు కొసలా 470 కిలోఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. వాటిలో ఒకటి తెగినా ప్లేటు మీద ఛార్జ్ దిగదు, తర్వాతి దెబ్బలు బలహీనపడతాయి. నాసిగా ఉన్న పరికరం కూడా పాసైపోతుంది! మల్టీమీటర్‌తో కొలిస్తే సుమారు 940 కిలోఓమ్‌లు చూపాలి. గన్‌ను నేల ప్లేటుకు కలిపే రిటర్న్ కేబుల్‌ను పరీక్షిస్తున్న పరికరానికి 20 సెంటీమీటర్ల లోపు రానివ్వకండి. కాంటాక్ట్‌కు మొనదేలిన టిప్, ఎయిర్‌కు గుండ్రటిది.