మత్తయి 18 చదివే ఆదివారం: ఏ పాట మేలు, ఏ ట్యూన్ మేలు?

"ఏడు మారులు మట్టుకే కాదు, డెబ్బది ఏళ్ల మారులమట్టుకు" అన్న మాటను, తప్పు చేసినవాణ్ణి ఎన్ని మారులు క్షమించాలి, ఏడు మారులా అని పేతురు అడిగితే యేసు ఇచ్చిన జవాబును, చిన్నప్పుడు నేను డెబ్బై సంవత్సరాలు అనే అనుకున్నాను. ఇక్కడ ఏళ్లంటే ఏడులని తెలిసేసరికి చాలా కాలం పట్టింది. ఒక రకంగా ఆ పొరపాటే నయం. డెబ్బై ఏడుల లెక్క 490 దగ్గర ఆగిపోతుంది. డెబ్బై ఏళ్లంటే బతికినన్నాళ్లూ.

మత్తయి 18:21-35 చదివే ఆదివారం ఏ పాట పెట్టాలన్నది క్వయర్ నడిపేవాళ్లకు ఒక టెన్షన్. ఏ ఆదివారం ఏ వాక్యం చదవాలో చెప్పే రివైజ్డ్ కామన్ లెక్షనరీ పట్టికను పాటించే సంఘాల్లో ఇది మూడేళ్లకోసారి, సెప్టెంబరు 11-17 మధ్య వచ్చే ఆదివారం పాఠం. క్షమాపణ మీద పాటలకు కరువేం లేదు. చిక్కేమిటంటే అవి చాలావరకు మనం క్షమాపణ పొందడం గురించే. మనం ఇంకొకర్ని క్షమించడం గురించి పాడేవి చాలా తక్కువ.

ఉపమానం మాత్రం ఆ రెండో సగం కోసమే చెప్పింది. పదివేల తలాంతుల అప్పు రద్దయిన దాసుడు బయటికి రాగానే నూరు దేనారముల కోసం తోటి దాసుని గొంతు పట్టుకుంటాడు. దేనారం ఒక రోజు కూలి, తలాంతు సుమారు 6,000 దేనారాలు. ఆరు కోట్ల రోజుల కూలి మాఫీ అయినవాడు వంద రోజుల కూలి వదులుకోలేకపోయాడు. ఆ గొంతు పట్టుకున్న చెయ్యి పాటలో ఎక్కడుందో చూసుకోవాలి. నా కొలత అదొక్కటే.

మొదట అందరికీ గుర్తొచ్చేది ఫ్రెడరిక్ ఫేబర్ రాసిన "దేర్స్ ఎ వైడ్‌నెస్ ఇన్ గాడ్స్ మెర్సీ". 19వ శతాబ్దం నాటి పాట. దేవుని కనికరం సముద్రమంత విశాలం అని మొదలవుతుంది. దీన్ని ఎక్కువగా పాడే ట్యూన్లలో ఒకటి వెల్స్లీ, లిజీ టూర్జీ అనే అమ్మాయి ఇరవై ఏళ్ల ప్రాయంలో కట్టింది. ఒక్కసారి వింటే నోటికొచ్చేస్తుంది. ఇంకొకటి ఇన్ బాబిలోన్, డచ్చి పల్లెపాటలూ నాట్యపు పాటలూ కలిపి 1710 ప్రాంతంలో అచ్చువేసిన పుస్తకంలోది. నాట్యం లక్షణం దానికి ఇంకా పోలేదు, కాళ్లు ఊరికే ఉండవు. నన్నడిగితే వెల్స్లీ కన్నా ఇదే మేలు. వెల్స్లీలో సముద్రం కొంచెం చెరువై పోతుంది.

ఈ పాటలో ఒక చరణం పేతురుకు సరిగ్గా తగులుతుంది. దేవుని ప్రేమకు మనమే లేని హద్దులు గీసి దాన్ని ఇరుకు చేస్తున్నాం అనే చరణం. పేతురు అడిగిన ఏడు అలాంటి హద్దే కదా. పాట పెద్దది కాబట్టి ఒక్కో పుస్తకం కొన్ని చరణాలే తీసుకుంటుంది. మీ పుస్తకంలో ఆ చరణం లేకపోతే ఈ ఆదివారానికి ఈ పాట సగం పాటే. లూకా 15 చదివే రోజున, తప్పిపోయిన కుమారుడు ఇంటికొచ్చేటప్పుడు, దీన్ని మించింది లేదు. ఇక్కడ మాత్రం గొంతు పట్టుకున్న చెయ్యి కనబడదు.

రెండోది రోజమండ్ హెర్క్లాట్స్ 1966లో రాసిన "ఫర్గివ్ అవర్ సిన్స్ యాజ్ వి ఫర్గివ్". తోటలో కలుపు తీస్తుంటే పుట్టిన పాట ఇది. కలుపు మొక్కల వేళ్లు ఎంత లోతుకు దిగాయో చూసి, మనసులో పాతుకుపోయిన పగలూ ఇలాంటివే కదా అనుకుందట ఆవిడ. పాట "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అన్న ప్రార్థన దగ్గర మొదలవుతుంది. రెండో చరణంలో, పాత చేదును పట్టుకుని కూర్చున్న గుండెలోకి నీ క్షమాపణ ఎలా వస్తుంది అని అడుగుతుంది. మూడో చరణంలో ఉపమానమే వచ్చేస్తుంది: మనకు రావలసిన బాకీ ఎంత చిన్నది, మనం పడిన బాకీ ఎంత పెద్దది.

ప్రాక్టీసులో ఒకసారి ఆ రెండో చరణం దగ్గర ఆల్టో, అంటే కింది స్థాయిలో పాడే ఒకావిడ గొంతు ఆగిపోయింది. పిచ్ మరీ కిందికి వెళ్లిందేమో, మార్చమంటారా అని అడిగాను. "పిచ్ కాదండీ, మాటలు" అందావిడ. ఆ రోజు నుంచీ ఈ పాట మీద నాకు గౌరవమూ ఉంది, కాస్త భయమూ ఉంది.

ఇక ట్యూన్. ఇది కామన్ మీటర్, అంటే పాదాలకు వరసగా 8, 6, 8, 6 అక్షరాలు. అదే కొలతలో ఉన్న ఏ ట్యూన్‌కైనా ఈ మాటలు అతుకుతాయి. "అమేజింగ్ గ్రేస్" పాడే న్యూ బ్రిటన్ ట్యూన్‌లో పెట్టి చూడండి, ఒక్క అక్షరం కూడా మిగలదు. కానీ ఆ ట్యూన్ స్వరాలు మన మోహన రాగానివే. పగ గురించిన మాటల్ని ఆ స్వరాల్లో పాడితే, గాయం కడగకుండానే కట్టు కట్టినట్టుంటుంది. పైగా నోరు ఈ మాటలు పాడుతుంటే బుర్ర పాత మాటలు పాడుతుంది.

చాలా పుస్తకాలు దీనికి ఇచ్చేది డెట్రాయిట్ ట్యూన్. అమెరికా జానపద బాణీ, 1820లో అచ్చయిన కెంటకీ హార్మొనీ అనుబంధంలోది. మైనర్ స్కేల్, పొడి గొంతు, అలంకారం లేదు. మొదటిసారి విన్నవాళ్లకు నచ్చకపోవచ్చు. బుజ్జగించదు మరి. క్షమించడం చేతకాక అవస్థపడేవాడు పాడుకునే ట్యూన్ అలాగే ఉండాలని నాకనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: గట్టిగా, మార్చ్‌లా పాడితే దెబ్బతిన్నవాళ్లను మందలిస్తున్నట్టుంటుంది. నెమ్మదిగా, హార్మొనీ లేకుండా అందరూ ఒకే శ్రుతిలో పాడాలి.

మూడోది సంఘం పాడేది కాదు, వినేది. 18వ శతాబ్దపు జర్మన్ సంగీతకర్త బాఖ్ కాలపు లైప్‌జిగ్‌లో ఈ ఉపమానం ట్రినిటీ పండుగ తర్వాతి 22వ ఆదివారం పాఠం. ఆ ఆదివారానికి ఆయన రాసినవాటిలో 1726 నాటి 55వ నంబరు కాంటాటా, అంటే వాయిద్యాలతో పాడే గాన రచన, చివరి కీర్తన తప్ప అంతా ఒక్క టెనర్‌కే, అంటే పై స్థాయి మగ గొంతుకే. నేను పాపపు దాసుణ్ణి అంటూ, ఉపమానంలోని దాసుడే నోరు విప్పినట్టు మొదలవుతుంది. చివర కోరల్, అంటే నాలుగు గొంతులు కలిసి పాడే కీర్తన: నీ దగ్గర్నుంచి తొలగిపోయినా మళ్లీ వచ్చాను అని. ఆ చరణాన్నే బాఖ్, మత్తయి సువార్తలోని యేసు శ్రమల కథను గానం చేసే "సెయింట్ మాథ్యూ పాషన్"లో మళ్లీ వాడాడు. ఎక్కడంటే, పేతురు మూడుసార్లు బొంకి, కోడి కూశాక బయటికెళ్లి ఏడ్చిన ఘట్టం తర్వాత. ఎన్ని మారులు క్షమించాలని లెక్క అడిగిన పేతురే! బాఖ్ ఇది కావాలనే చేశాడో లేదో గానీ, తెలిశాక ఆ కోరల్ మామూలుగా వినలేం. ట్యూన్ యోహాన్ షోప్‌ది, 1642 నాటిది. పెళ్లిళ్లలో వాయించే బాఖ్ "జీసు, జాయ్ ఆఫ్ మాన్స్ డిజైరింగ్"లో ఉన్నదీ అదే ట్యూన్ కాబట్టి చెవికి కొత్తగా ఉండదు.

కాంటాటా మొత్తం అంటే మంచి టెనర్ కావాలి, ఫ్లూట్ కావాలి, దొరకరు. నాలుగు గొంతుల కోరల్ ఒక్కటీ కీబోర్డు మీద చందా వేళలో వాయిస్తే చాలు.

నా వరస ఇది: వాక్యం కాగానే బాఖ్ కోరల్ వద్దు, అది ముందే ఓదార్చేస్తుంది. ప్రసంగం తర్వాత హెర్క్లాట్స్, డెట్రాయిట్‌లో, నాలుగు చరణాలూ. తర్వాతే చందా, కోరల్. ఆ హద్దుల చరణం పుస్తకంలో ఉంటే ఫేబర్ చివర, ఇన్ బాబిలోన్‌లో. లేకపోతే వచ్చే వారానికి. రెండో చరణంలో ఎవరి గొంతైనా ఆగిపోతే ఈసారి పిచ్ సంగతి అడగను.