నిద్రలో ఆదాయం నేర్పే కోర్సు పూర్తిచేశాను, ఉద్యోగానికి తిరిగి వచ్చాను

ఈ కోర్సులో చేరేముందు సమీక్షలు చాలా చదివాను. దాదాపు అన్నీ మొదటి వారంలో, ఉత్సాహం మీద ఉన్నప్పుడు రాసినవే. అందుకే పన్నెండు వారాల పాఠాలూ పూర్తిచేసి, ఆరు నెలలు వాళ్లు చెప్పినట్టే పనిచేసి, ఉద్యోగంలో తిరిగి చేరిన తర్వాతే రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. పాసివ్ ఇన్‌కమ్ (మనం పనిచేయకున్నా వస్తూనే ఉంటుందనే ఆదాయం) కోర్సులు ఇంకో మూడింటి పాఠ్య ప్రణాళికలు చూశాను, వరుసతో సహా ఒకేలా ఉన్నాయి. మీరు చేరాలనుకుంటున్నది వేరే కోర్సయినా ఇది పనికొస్తుందని నమ్ముతున్నాను.

నేను రోగ నిర్ధారణ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, రక్త పరీక్షల విభాగంలో పదకొండేళ్లుగా ఉన్నాను. రెండేళ్లు వరుసగా జీతం పెరగకపోవడంతో మనసు ఇటు మళ్లింది. కోర్సు రుసుము నా నెల జీతంలో దాదాపు సగం. 64 వీడియోలు, వారానికొక ప్రత్యక్ష తరగతి, సందేహాలు అడగడానికి ఒక వాట్సాప్ బృందం ఇస్తారు. వీడియోలు స్పష్టంగా ఉన్నాయి. ప్రత్యక్ష తరగతులు చెప్పిన సమయానికే మొదలయ్యేవి. బృందంలో మాత్రం ప్రశ్నలకు జవాబుల కంటే ఎవరెంత సంపాదించారో చూపే ఫోటోలే ఎక్కువ వచ్చేవి. కొత్తవాళ్లను చేర్పిస్తే వాళ్ల రుసుములో వాటా ఇస్తారని నాకు నాలుగో వారంలో తెలిసింది. ఆ ఫోటోల్లో కనిపించిన ఆదాయంలో చాలా భాగం ఆ వాటానే అని ఇద్దరు ముగ్గురు నాతో విడిగా ఒప్పుకున్నారు.

మొదటి తరగతిలో శిక్షకుడు మా చేత నెల జీతాన్ని గంటలతో భాగించి కాగితం మీద రాయించాడు. 'ఇదీ మీ ప్రాణానికి మీరు కట్టుకున్న వెల' అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదకొండేళ్ల పని మీద అంత సిగ్గు అంతకుముందు ఎన్నడూ కలగలేదు. ఈ కోర్సు మీద నా అసలు అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. మిగతా లోపాలను క్షమించవచ్చు.

ఎనిమిదో వారంలో రాజీనామా చేయమని ప్రోత్సహిస్తారు. మా విభాగాధిపతి ఒప్పుకోలేదు. 'రాజీనామా వద్దమ్మా, జీతం లేని సెలవు పెట్టు, ఆరు నెలల తర్వాత ఆలోచిద్దాం' అన్నారు. ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆ ఆరు నెలల్లో కోర్సు చూపిన నాలుగు దారులూ పట్టుకున్నాను. ఆరోగ్య పరికరాల గురించి బ్లాగు రాసి, అందులో అమెజాన్ లింకులు పెట్టాను. లింకు నొక్కిన పాఠకుడు సాధారణంగా 24 గంటల్లోపు కొంటేనే మనకు కమీషన్ వస్తుందన్న నియమం పాఠంలో ఒక్క వాక్యంలో దాటిపోయింది. రక్త పరీక్షల నివేదికలు ఎలా చదవాలో చెప్పే యూట్యూబ్ చానల్ పెట్టాను. మామూలు వీడియోల మీద ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది చందాదారులు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. నేను 312 మంది దగ్గర, 460 గంటల దగ్గర ఆగాను. అమెజాన్ వాళ్ల ఈ-పుస్తకాల వేదిక కిండిల్‌లో ఒక చిన్న పుస్తకం వేశాను. ధర వాళ్లు నిర్ణయించిన పరిధిలో ఉంటే 70 శాతం, లేకపోతే 35 శాతం రాయల్టీ. నా చిన్న పుస్తకానికి ఆ పరిధిలో ధర పెడితే కొనేవారు లేరు, తగ్గిస్తే వచ్చేది 35 శాతమే. నాలుగోది టీషర్టుల మీద బొమ్మలు వేసి అమ్మడం. దాని సంగతి చెప్పుకోవడానికేమీ లేదు, రెండు అమ్ముడుపోయాయి.

ల్యాబ్ అలవాటు కొద్దీ ప్రతిరోజూ ఎన్ని గంటలు పనిచేశానో రిజిస్టరులో రాసుకున్నాను. మొత్తం 734 గంటలు. వారానికి 48 గంటల నా ఉద్యోగంలో అయితే అది పదిహేను వారాల పని. వచ్చిన మొత్తం నా తొమ్మిది రోజుల జీతానికి సరిపోయింది. మొదట్లో తక్కువే వస్తుంది, తర్వాత దానంతటదే పెరుగుతుంది అంటారు. అయిదో నెలలో జ్వరంతో పదకొండు రోజులు మంచం పట్టాను. లేచేసరికి చానల్ వీక్షణలు మూడో వంతుకు పడిపోయాయి, బ్లాగులోని రెండు లింకుల వస్తువులు అమ్మకం నుంచి తీసేశారు. నిద్రలో నడుస్తుందన్న ఆదాయం నేను మంచం పడితే నడవలేదు. ఉద్యోగంలో ఉండగా అంతే జ్వరం వచ్చినప్పుడు నెలాఖరుకు జీతం పూర్తిగా వచ్చింది. నా బెంచి దగ్గర వేరే మనిషి నిలబడ్డారు.

కోర్సులో నిజంగా మంచి భాగం ఒకటుంది. తొమ్మిదో విభాగం వేరే శిక్షకురాలు చెప్పారు. పొదుపు, మదుపు గురించి ఆమె ఏ ఆశా పెట్టలేదు. 72ను ఏటా వచ్చే వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు రెట్టింపవడానికి పట్టే సంవత్సరాలు సుమారుగా వస్తాయని, 6 శాతమైతే 12 ఏళ్లని లెక్కగట్టించారు. విలియం బెంగెన్ అనే సలహాదారుడు 1994లో అమెరికా మార్కెట్ గత లెక్కలు పరిశీలించి చెప్పిన 4 శాతం సూత్రాన్ని కూడా వివరించారు. పదవీ విరమణ తర్వాత మొదటి ఏడాది, కూడబెట్టిన నిధిలో 4 శాతం ఖర్చుకు తీసుకుని, తర్వాత ధరల పెరుగుదలకు తగ్గట్టు సవరించుకుంటూ పోతే, ఆ లెక్కల్లో నిధి 30 ఏళ్లు నిలిచింది. అంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు ముందే కూడబెట్టి ఉండాలి. 'ఆ 25 రెట్లు ఎక్కడినుంచి వస్తాయి?' అని ప్రత్యక్ష తరగతిలో అడిగాను. 'చాలామందికి జీతం నుంచే' అని ఆమె సూటిగా చెప్పారు. మిగతా పదకొండు విభాగాలు ఎగతాళి చేసిన జీతం నుంచే! ఇప్పుడు జీతం పడిన మరుసటి రోజే కొంత మొత్తం దానంతటదే ఇండెక్స్ ఫండ్‌లోకి (మార్కెట్ సూచీని అనుసరించే మదుపు పథకంలోకి) వెళ్లే ఏర్పాటు చేసుకున్నాను. నాకు నిజంగా శ్రమ లేకుండా పెరుగుతున్నది అదొక్కటే.

సెలవులో ఇంకొకటి జరిగింది. దాని గురించి కోర్సు ఒక్క మాట కూడా హెచ్చరించలేదు. మూడో నెలకల్లా నాకు వారాలు గుర్తుండటం మానేశాయి. సమయం ఇంత ఉండి కూడా చదవాలనుకున్న పుస్తకాలు చదవలేదు. ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే ఊరి గురించి తర్వాత తెలిసింది. అక్కడ బట్టల మిల్లు మూతపడ్డాక, 1930ల మొదట్లో మారీ యహోదా అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఆ ఊరి జీవితాన్ని పరిశీలించారు. చేతినిండా తీరిక దొరికిన జనం గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకోవడం పెరగకపోగా తగ్గింది. పనికి జీతంతో పాటు దినచర్య, నలుగురితో సంబంధం, ఉమ్మడి ప్రయోజనం, సమాజంలో ఒక స్థానం కూడా కలిసి వస్తాయని యహోదా తర్వాతి కాలంలో రాశారు. నాది వాళ్ల కష్టంతో పోల్చదగినది కాదు, నాకు తిరిగి వెళ్లడానికి చోటుంది. అయినా ఆ ఊరివాళ్ల సంగతి నాకు వెంటనే అర్థమైంది.

తిరిగి చేరిన రెండో వారంలో ఒక యువకుడి నమూనా వచ్చింది. యంత్రం ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) మైక్రోలీటరుకు 22,000 అని చూపింది. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. అతని ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, ఎక్కడా రక్తస్రావం లేదు. నేను కొత్తగా చేరినప్పుడైతే ఆ సంఖ్యను అలాగే పంపేసేదాన్ని. స్లైడు మీద రక్తాన్ని పలచగా పూసి, రంగు వేసి, ఆ పూత అంచు దగ్గర సూక్ష్మదర్శినిలో చూశాను. ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. ఊదా మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ వల్ల కొద్దిమంది రక్తంలో ఇలా జరుగుతుంది. గుంపును యంత్రం ప్లేట్‌లెట్లుగా లెక్కించదు. సిట్రేట్ అనే వేరే రసాయనం ఉండే నీలం మూత గొట్టంలో మళ్లీ తీయించాను. 1,80,000 వచ్చింది. గొట్టంలోని ద్రవం వల్ల పలచబడిన దానికి 1.1తో హెచ్చిస్తే 1,98,000. ఆ కుర్రవాడికి ప్లేట్‌లెట్ల కొరతే లేదు.

ఆ అంచు చూడమని నాకు నేర్పింది నా పక్క బెంచిలో ఆరేళ్లు కూర్చుని పదవీ విరమణ చేసిన ఒక సీనియర్. 'అంకె తేడాగా ఉందంటే ముందు స్లైడు చూడు తల్లీ' అనేవారు. నేను చేరిన మొదటి ఏడాది నావల్ల సంస్థకు లాభం కంటే ఆవిడకు శ్రమే ఎక్కువ. నా తప్పులు రోగి దాకా వెళ్లకుండా ఆవిడ పట్టుకునేవారు, నాకు జీతం మాత్రం ప్రతి నెలా వచ్చేది. నేర్చుకునే కాలానికి కూడా డబ్బిచ్చే ఏర్పాటు ఉద్యోగం. ఆ 734 గంటల్లో నేర్చుకున్నదానికి ఖర్చంతా నేనే పెట్టుకున్నాను, తప్పు చేస్తే చెప్పేవారు లేరు. శిక్షకుడు రాయించిన ఆ గంట వెలలో ఇదంతా లేదు.

జీతం పెంచని సంస్థలున్నాయి, మనిషిని నలిపేసేవి కూడా ఉన్నాయి. అలాంటి చోటు నుంచి బయటపడాలనుకునేవారిని నేను ఆపను. అయితే ఈ కోర్సు వాళ్లకు ఇంకో మంచి ఉద్యోగం వెతుక్కునే దారి చూపదు. ఆ ఆలోచనే ఓటమి అంటుంది. అప్పులున్నవారు, ఇంట్లో ఒక్కరి సంపాదన మీదే నడిచేవారు దయచేసి ఎనిమిదో వారం మాట వినవద్దు. సాయంత్రాలు చేసి చూడండి, గంటలు రాసుకోండి.

రుసుము వాపసు గురించి: 30 రోజుల్లో అడగవచ్చని ప్రకటనలో ఉంది. అయితే అభ్యాసాలన్నీ పూర్తిచేసి ఉండాలన్న షరతు చెల్లింపు తర్వాత వచ్చిన ఈమెయిల్‌లో ఉంది. పన్నెండు వారాల కోర్సు అభ్యాసాలు 30 రోజుల్లో ఎలా పూర్తవుతాయని రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. తొమ్మిదో విభాగం ఒక్కటే విడిగా అమ్ముతారేమో అని మా చెల్లెలి కోసం అడిగాను, లేదన్నారు. అయిదింటికి రెండు నక్షత్రాలు ఇస్తున్నాను, రెండూ ఆ శిక్షకురాలికే.