పులిట్జరా, ‘ఎన్యే’ అవార్డా?

అమెరికాలో లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల) గురించి బాగా రాసిన జర్నలిస్టులకు ఏ గుర్తింపు గొప్ప? పేరులో అమెరికా పత్రికారంగపు పెద్ద బహుమతి పులిట్జర్‌కి సాటి లేదు. దక్షిణ కాలిఫోర్నియా లాటినోలపై లాస్ ఏంజెలెస్ టైమ్స్ వేసిన సీరీస్‌కి 1984లో పులిట్జర్ పబ్లిక్ సర్వీస్ విభాగంలో బంగారు పతకం వచ్చింది. ఊరూరా తిరిగి రాసింది మెక్సికన్ అమెరికన్ రిపోర్టర్లు, పతకం మాత్రం పత్రికకి. ఆ విభాగం రూలే అంత.

హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలున్న) జర్నలిస్టుల జాతీయ సంఘం పుట్టిందీ 1984లోనే. వాళ్లిచ్చే ‘ఎన్యే’ అవార్డు పేరే ఒక స్పానిష్ అక్షరం, నెత్తిన చిన్న అలతో. స్పానిష్‌లో చేసిన పనికీ అక్కడ చోటుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, నా ఓటు దీనికే. ఉద్యోగానికి వెళ్తే మాత్రం పులిట్జరే పనికొస్తుంది!